గసగసాలు వద్దు, ఖహ్వా మాత్రం వద్దనొద్దు: దుబాయ్ వెళ్ళేవాళ్ళ ప్రశ్నలు

పోయిన సంచికలో పరాయి దేశం వెళ్ళేముందు మీకున్న డౌట్లు రాయమన్నాం కదా, వచ్చిన ఉత్తరాల్లో ముప్పావు వంతు దుబాయ్, అబుదాబి, షార్జా గురించే. పిల్లలు అక్కడ, అమ్మానాన్నలు ఇక్కడ, కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఇప్పుడు ఇంటింటి కథ ఇదే. అందుకని ఈసారి కాలమ్ మొత్తం యూఏఈకే ఇచ్చేశా. ఒకటి ముందే చెప్తున్నా, చాలామంది భయపడేది అరబ్బుల ఇళ్ళల్లో మర్యాద తప్పుతామేమో అని, అక్కడేం కాదండి, వాళ్ళు నవ్వేసి ఊరుకుంటారు. అసలు చిక్కు మనం పట్టించుకోని వాటితోనే వస్తది, సూట్‌కేస్‌లో పొట్లాలు, జేబులో ఫోను.

*

ప్రశ్న: మా అమ్మాయికి దుబాయ్‌లో డెలివరీ. నేనూ మావారూ మూడు నెలలు ఉండేలా వెళ్తున్నాం. కారాలు, పచ్చళ్ళు, బాలింత పథ్యం సామాన్లు, బారసాలకి కావాల్సినవి సర్దుతున్నా. ఏమైనా తీసుకెళ్ళకూడనివి ఉన్నాయా? మావారికి షుగరు, కాళ్ళ మంటలు, బోలెడు మందులు.
(ఒక అమ్మమ్మ కాబోతున్నావిడ, పటమట, విజయవాడ)

జవాబు: అమ్మా, ముందు కంగ్రాట్స్. ఇప్పుడు మీ డబ్బాలన్నీ ఒకసారి మళ్ళీ విప్పండి. గసగసాలు ఉన్నాయా? తీసి పక్కన పెట్టండి. మనకి అది చికెన్ కూరలో వేసుకునే దినుసు, అక్కడ నల్లమందు మొక్క గింజ కాబట్టి డ్రగ్స్ లెక్కలోకి వస్తది, కొంచెమే కదా అంటే కుదరదు, దాంతో ఎయిర్‌పోర్టులో పట్టుబడి జైలుకెళ్ళిన మనవాళ్ళు ఉన్నారు. విడిగా పొట్లం కట్టినవి తీసేస్తే సరిపోదు, ఇంట్లో కొట్టుకున్న మసాలా పొడిలో కూడా కలిపి ఉంటారు చూడండి, అది అసలు గుర్తుకు రాదు. కొన్న మసాలా ప్యాకెట్ అయితే వెనకాల దినుసుల లిస్టు చదవండి. మసాలా పొడి అక్కడ ఏ షాపులో అయినా దొరుకుతది, మోసుకెళ్ళడం ఎందుకు.

రెండోది తమలపాకులు. బారసాల అంటే తాంబూలం ఉండాలి కదా అని కట్ట పెట్టేస్తారు, దుబాయ్ కస్టమ్స్ వాళ్ళ నిషేధం లిస్టులో పాన్ సామాను, తమలపాకు రెండూ ఉన్నాయి. తాంబూలం పళ్ళూ పసుపు కుంకాలతో ఇవ్వండి, పిల్లాడికేం తక్కువ కాదు. మీవారికి గుట్కా, కిళ్ళీ అలవాటుంటే గన్నవరంలోనే వదిలేసి ఎక్కమనండి.

పచ్చళ్ళు, కారప్పొడులు, సున్నుండలు ఇంటి వాడకానికి తీసుకెళ్ళొచ్చు, కాకపోతే నూనె కారకుండా బాగా సీల్ చేయించండి, గోంగూర నూనె చీరలకి అంటితే ఇక ఆ పెట్టె సంగతి మీకే తెలుసు.

ఇప్పుడు మందులు, ఇది జాగ్రత్తగా చదవండి. షుగరు గోళీలు, బీపీ గోళీలకి మామూలుగా ఇబ్బంది లేదు, డాక్టర్ చీటీ ఉంటే చాలు. కానీ కాళ్ళ మంటలు అన్నారు కదా, దానికి మన డాక్టర్లు ఎక్కువగా రాసేది ప్రెగాబాలిన్ లేదా గాబాపెంటిన్, మిథైల్‌కోబాలమిన్‌తో కలిపి ఒకే గోళీగా వస్తది కాబట్టి చాలామంది విటమిన్ బిళ్ళ అనుకుంటారు. యూఏఈలో ఆ రెండూ కంట్రోల్డ్ మందులు. అలాగే నిద్రకీ ఆందోళనకీ వాడే అల్ప్రాజోలమ్, డయజిపామ్, నొప్పికి ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు కూడా. ఇవి తీసుకెళ్ళాలంటే బయల్దేరకముందే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య వెబ్‌సైట్‌లో పర్మిట్‌కి అప్లై చేయాలి, మీ అమ్మాయో అల్లుడో అక్కడి నుంచి చేసేయగలరు, పాస్‌పోర్టు కాపీ, డాక్టర్ చీటీ, రిపోర్టు పంపితే సరి. స్ట్రిప్పుల్లోంచి గోళీలు తీసి డబ్బాలో పోసుకునే అలవాటు ఉంటే మానేయండి, పేరు కనపడాలి. పక్కింటాయన "మా అబ్బాయికి ఈ పొట్లం ఇచ్చేయమ్మా" అని ఇస్తే మాత్రం మొహమాటపడకుండా విప్పి చూడండి, విప్పనివ్వకపోతే తీసుకోకండి. మొహమాటానికి పోయి ఇరుక్కున్నవాళ్ళే ఎక్కువ.

ఇంకో చిన్న విషయం, అక్కడ అపార్ట్‌మెంట్ బాల్కనీలో చీరలు వేలాడదీయడం మున్సిపాలిటీ ఒప్పుకోదు, ఊరి అందం పాడైతదని. బాలింత గుడ్డలు, పసిపిల్ల గుడ్డలు బయటికి కనపడకుండా లోపల స్టాండ్ మీద ఆరేయండి. వడియాలు కూడా, ఎండ ఎంత ఊరించినా.

*

ప్రశ్న: మా కంపెనీ పని మీద అబుదాబి వెళ్తున్నా. అక్కడి క్లయింట్ ఎమిరాటీ, అంటే ఆ దేశస్థుడే, వయసులో పెద్దాయన, ఇంటికి భోజనానికి పిలిచారు. నేను శాకాహారిని. ఎలా మసలుకోవాలి, ఏం తీసుకెళ్ళాలి, కొంచెం వివరంగా చెప్పండి.
(ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ఇంటికి పిలిచారంటే మంచి విషయం బాబు, చాలామంది ఏళ్ళ తరబడి అక్కడ ఉండి కూడా ఒక ఎమిరాటీ ఇంటి గడప తొక్కరు. శాకాహారం సంగతి ఇప్పుడే మెసేజ్ పెట్టేయ్, వెళ్ళాక చెప్తే వాళ్ళు బాధపడతారు, ఎందుకంటే అతిథి కోసం మాంసం వండటమే అక్కడ మర్యాద, ముందే చెప్తే అంతే గొప్పగా కూరగాయలతో చేస్తారు. ఇండియన్స్‌లో తినని వాళ్ళు ఉంటారని వాళ్ళకి బాగా తెలుసు, నువ్వేం వింతగా అనిపించవు.

గుమ్మం దగ్గర చెప్పులు చూడు, అందరివీ బయట ఉంటే నీవీ బయటే. లోపలికి వెళ్ళగానే "అస్సలాము అలైకుమ్" అను, ముందు పెద్దవాళ్ళకి, తర్వాత మిగతావాళ్ళకి. మగవాళ్ళతో షేక్‌హ్యాండ్ కుడి చేత్తో, వాళ్ళు కాసేపు పట్టుకునే ఉంటారు, లాక్కోకు. ఆడవాళ్ళు ఎదురైతే నీ అంతట నువ్వు చెయ్యి చాపకు, ఆవిడే చాపితే కలుపు, లేకపోతే కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని కొంచెం తల వంచితే చాలు, మన నమస్కారం పెట్టినా తప్పు పట్టరు. పెద్దాయన కదా అని కాళ్ళకి మాత్రం దండం పెట్టకు, మనిషి ముందు వంగడం వాళ్ళకి ఇబ్బందిగా ఉంటది, ఆ వంగడం దేవుడికొక్కడికే. కొత్తగా ఎవరైనా పెద్దవాళ్ళు గదిలోకి వస్తే లేచి నిలబడు. అది మన ఇళ్ళల్లో నేర్పిందే.

కూర్చోబెట్టే గదిని మజ్లిస్ అంటారు. చుట్టూ గోడల వెంట దిండ్లు, సోఫాలు ఉంటాయి, మగవాళ్ళది వేరు, ఆడవాళ్ళది వేరు. ఇంట్లో ఆడవాళ్ళు నీకు కనపడకపోవచ్చు, మీ ఆవిడ ఎలా ఉన్నారండీ అని అడగొద్దు, ఇంట్లో అందరూ బావున్నారా అంటే సరిపోతది. కాళ్ళు చాపి అరికాళ్ళు ఎదుటివాళ్ళ వైపు పెట్టకు.

ఇప్పుడు ఖహ్వా, అంటే అరబ్బుల కాఫీ. ఇది వచ్చిందంటే మర్యాద మొదలైనట్టు. మన ఫిల్టర్ కాఫీ అనుకుని నోట్లో పోసుకుంటే ఉలిక్కిపడతావు, పాలు లేవు, పంచదార లేదు, లైట్‌గా వేయించిన గింజలు కాబట్టి రంగు కూడా పసుపు పచ్చగా ఉంటది, యాలకుల వాసన గుప్పుమంటది, కొందరు కుంకుమపువ్వు వేస్తారు. పక్కనే ఖర్జూరాలు పెడతారు, తీపి దాన్లోంచి రావాలి. పోసే అతను పొడుగు ముక్కు ఉన్న కాఫీ కూజా, దాన్ని దల్లా అంటారు, ఎడమ చేత్తో పట్టుకుని, పిడి లేని చిన్న గిన్నె లాంటి కప్పు కుడి చేత్తో ఇస్తాడు, నువ్వూ కుడి చేత్తోనే అందుకో. కప్పులో అడుగున కొంచెమే పోస్తాడు, పిసినారితనం అనుకోకు, నిండా పోస్తే తాగేసి వెళ్ళు అన్నట్టు, కొంచెం పోస్తే మళ్ళీ మళ్ళీ పోస్తా కూర్చో అన్నట్టు. తాగిన కప్పు ఊరికే చాపితే మళ్ళీ పోస్తాడు. చాలు అనిపిస్తే మాటలతో కాదు, కప్పుని వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ రెండు మూడు సార్లు ఊపి తిరిగి ఇచ్చేయ్, తీసుకెళ్ళిపోతాడు. ఈ ఊపడం తెలియక మొహమాటానికి తాగుతూనే ఉండి ఆ రాత్రి నిద్రపట్టక గిలగిల్లాడినవాళ్ళు బోలెడుమంది. కానీ మొదటి కప్పు మాత్రం వద్దనకు, అది ఆయన్నే వద్దన్నట్టు ఉంటది. ఈ ఖహ్వా సంప్రదాయాన్నీ మజ్లిస్‌నీ 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది, అంత పట్టింపు దానికి.

భోజనం ఒకే పెద్ద పళ్ళెంలో పెట్టి చుట్టూ కూర్చుని తినొచ్చు, నీ ముందున్న భాగంలోంచే, కుడి చేత్తోనే. మనం చేత్తో తినేవాళ్ళమే కాబట్టి తెల్లోళ్ళ కంటే మనకి సుఖం. ఎడమచేతి వాటం ఉంటే ఆ రోజుకి ఓర్చుకో.

పని విషయం నువ్వు ఎత్తకు. ముందు కుశలం, ప్రయాణం, మీ ఊరు, మిర్చి యార్డు, ఇవన్నీ అవ్వాలి. ఆయన ఎత్తితే మాట్లాడు. "ఇన్షా అల్లా" (దేవుడు తలిస్తే) అన్నాడంటే సంతకం అయిపోయిందని మీ మేనేజర్‌కి మెయిల్ కొట్టకు, కాదన్నాడనీ అనుకోకు. పిల్లల్ని చూసి ముద్దొస్తున్నారు అనాలనిపిస్తే వెంట "మాషా అల్లా" కలుపు, దిష్టి పట్టింపు వాళ్ళకీ ఉంది. గోడ మీద కత్తి బాగుంది, గడియారం బాగుంది అని పదే పదే అనకు, తీసి చేతిలో పెట్టేస్తే నువ్వు ఇబ్బంది పడాలి.

తీసుకెళ్ళేది: మంచి స్వీట్లు. బందరు లడ్డూ, పూతరేకులు ఏవైనా పర్లేదు, నెయ్యి సరుకైతే ఇంకా సంతోషం. కొండపల్లి బొమ్మ ఇవ్వాలనిపిస్తే దేవుడి బొమ్మలు, దశావతారాలు కాకుండా ఎడ్లబండి లాంటిది చూడు. మందు సీసా అనే ఆలోచనే వద్దు.

చివర్లో బొగ్గుల మీద సువాసన చెక్క వేసి పొగ గుండ్రంగా తిప్పుతారు, బఖూర్ అంటారు. నీ దగ్గరికి రాగానే చేత్తో పొగ బట్టల మీదికి తోసుకుని, ఇంకో పది నిమిషాల్లో లేచి సెలవు తీసుకో. అది వచ్చిందంటే ఇక కబుర్లు ముగిసినట్టే లెక్క.

*

ప్రశ్న: చీర కట్టుకోవచ్చా? బొట్టు పెట్టుకోవచ్చా? బురఖా వేసుకోమంటారా?
(ఒక టీచరు, మంగళగిరి)

జవాబు: చీర, బొట్టు, మంగళసూత్రం, మల్లెపూలు అన్నీ శుభ్రంగా. దుబాయ్ కరామా, మీనా బజార్ వైపు వెళ్తే గవర్నర్‌పేటలో ఉన్నామా అనిపిస్తది. బురఖా ఎవరూ అడగరు. మాల్స్‌లో భుజాలు, మోకాళ్ళు కప్పుకుంటే చాలు. మసీదు చూడ్డానికి వెళ్తే వేరే లెక్క, అబుదాబిలో షేక్ జాయెద్ గ్రాండ్ మసీదు తప్పకుండా చూడండి, 2007లో తెరిచారు, 82 గుమ్మటాలు, టికెట్ లేదు గానీ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. ఆడవాళ్ళు తల కప్పుకోవాలి, చీలమండ దాకా వదులు బట్టలు. జాకెట్ చేతులు పొట్టిగా, నడుము కనపడేలా చీర కడితే ఆపుతారు, ఆ రోజుకి పూర్తి చేతుల చుడీదార్, పెద్ద చున్నీ వేసుకెళ్ళండి. మీవారిని షార్టు వేసుకోవద్దనండి.

*

ప్రశ్న: నాకు ఇన్‌స్టాలో ఫాలోయర్స్ ఉన్నారు, దుబాయ్‌లో రీల్స్ చేద్దామని. ఏమైనా ప్రాబ్లమా?
(డిగ్రీ అమ్మాయి, లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: నిన్ను నువ్వు తీసుకుంటే ఏ గొడవా లేదమ్మా. పక్కవాళ్ళు పడితేనే. అక్కడ ఇంకొకళ్ళ ఫోటో అడక్కుండా తీసి పెట్టడం నేరం, 2021లో తెచ్చిన సైబర్ చట్టం ప్రకారం కనీసం ఆరు నెలల జైలు లేదా లక్షన్నర దిర్హమ్స్ నుంచి ఐదు లక్షల దాకా ఫైను, రెండూ కూడా పడొచ్చు. నల్ల అబాయా వేసుకున్న ఆడవాళ్ళు వెనకాల నడుస్తుంటే ఫ్రేమ్ భలే ఉంది అనిపిస్తది, తీయకు. మిలిటరీ, ప్రభుత్వ ఆఫీసులు, రాజభవనాలు కూడా వద్దు. మెట్రోలో పడుకున్న కూలీ మీద జాలి రీల్ చేయకు, ఇది చట్టం కోసం కాదు, మనిషి కోసం చెప్తున్నా.

ఇంకోటి, వాట్సాప్‌లో తిట్టినా కేసే. ఇక్కడ ఆటోవాడితో గొడవపడి వేలు చూపించినట్టు అక్కడ చూపిస్తే పోలీసులు వస్తారు, మెసేజ్‌లో బూతు రాసి పంపిస్తే స్క్రీన్‌షాట్ చాలు సాక్ష్యానికి. మతం మీద, అక్కడి పాలకుల మీద జోకులు, ఫ్యామిలీ గ్రూపులో వచ్చే ఫార్వర్డులు, అవన్నీ అక్కడ ఉన్నన్నాళ్ళూ చదివి ఊరుకో. అన్నట్టు వాట్సాప్ కాల్ అక్కడ పనిచేయదు, మెసేజ్‌లు మాత్రం వెళ్తాయి. దిగగానే అమ్మకి కాల్ కలవకపోతే ఇక్కడ కంగారుపడి చస్తారు, ముందే చెప్పి వెళ్ళు, అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్ ఇద్దరూ వేసుకోండి.

*

ప్రశ్న: రంజాన్ నెలలో టికెట్లు చీప్‌గా ఉన్నాయి. అప్పుడు వెళ్తే తిండి దొరకదా?
(ఒక వ్యాపారి, వన్ టౌన్, విజయవాడ)

జవాబు: దొరుకుతది. 2021 నుంచి దుబాయ్‌లో హోటళ్ళకి పగలు పరదాలు కట్టాలన్న రూలు కూడా తీసేశారు, లోపల కూర్చుని తినొచ్చు. రోడ్డు మీద, పార్కులో, బస్టాపులో మాత్రం పగలు తినడం, తాగడం, సిగరెట్ ముట్టించడం చేయకండి, ఎదుటి మనిషి తెల్లారకముందు నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఎండలో నిలబడి ఉంటాడు. షార్జాలో ఇంకొంచెం గట్టిగా ఉంటారు. పిల్లలకి పెట్టొచ్చు, ఎవరూ ఏమనరు.

వ్యాపారం పని మీదైతే ఆ నెల వద్దనే నా సలహా. ఆఫీసు టైము రోజుకి రెండు గంటలు తగ్గుతది, మధ్యాహ్నం తర్వాత మనిషి దొరకడు. చూడ్డానికైతే మాత్రం అదే బెస్టు, సూర్యాస్తమయానికి ఫిరంగి పేలుస్తారు, ఉపవాసం విడుస్తారు, తర్వాత అర్ధరాత్రి దాటేదాకా ఊరంతా మేలుకునే ఉంటది. ఇఫ్తార్‌కి అరగంట ముందు మాత్రం టాక్సీ ఎక్కకండి, అందరూ ఇంటికి పరిగెత్తే టైమది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతది కాబట్టి పోయినేడాది తేదీ చూసి బుక్ చేయకండి.

*

ప్రశ్న: సాయంత్రం రెండు పెగ్గులు అలవాటు. ఇబ్బందా?
(పేరు వద్దన్నారు, బెంజ్ సర్కిల్)

జవాబు: ఏ ఊళ్ళో దిగుతున్నారో చూసుకోండి బాబాయ్. షార్జా అయితే పూర్తిగా నిషేధం, గదిలో కూడా. గన్నవరం నుంచి షార్జా ఫ్లైటే కదా అని సీసా పట్టుకుని దిగకండి. దుబాయ్‌లో లైసెన్సున్న హోటళ్ళల్లో, బార్లలో తాగొచ్చు, 21 ఏళ్ళు నిండాలి, షాపులో కొనాలంటే టూరిస్టుకి పాస్‌పోర్టు మీద తాత్కాలిక లైసెన్సు ఇస్తారు. బీచ్‌లో, కారులో, రోడ్డు మీద వద్దు. తాగి బండి నడపడానికి అక్కడ ఇంత వరకు పర్లేదు అనే లెక్కే లేదు, చుక్క కూడా నేరమే.

*

ప్రశ్న: మేము క్రిస్టియన్స్. మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం, బైబిల్ పట్టుకెళ్ళొచ్చా? పక్కింటి వాళ్ళు గుడి ఉందా అని అడుగుతున్నారు, వాళ్ళూ వస్తున్నారు.
(ఒక రిటైర్డ్ నర్సు, గుంటూరు)

జవాబు: మీ బైబిల్ మీరు నిరభ్యంతరంగా పట్టుకెళ్ళండి. దుబాయ్‌లో అయితే ఊద్ మేథాలో సెయింట్ మేరీస్ చర్చి ఉంది, జబల్ అలీలో చర్చిలు ఒకేచోట ఉన్నాయి. కరపత్రాలు, పంచడానికి పుస్తకాలు మాత్రం ఒక్కటి కూడా పెట్టకండి, ముస్లింలకి వేరే మతం బోధించడం అక్కడ నేరం. ప్రేయర్ చర్చి ఆవరణలోనే.

మీ పక్కింటివాళ్ళకి చెప్పండి, జబల్ అలీలోనే 2022లో పెద్ద గుడి కట్టారు, పక్కన గురుద్వారా. అబుదాబిలో 2024 ఫిబ్రవరి 14న రాతి మందిరం ప్రారంభమైంది. వినాయక చవితికి చందా పుస్తకం పట్టుకుని ఫ్లాట్లు తిరగడం మాత్రం కుదరదు, పర్మిషన్ లేకుండా చందా వసూలు అక్కడ చట్టవిరుద్ధం. ఊళ్ళో గుడికి, ఎవరి వైద్యానికో సాయం అని గ్రూపులో మెసేజ్ పెట్టినా అదే లెక్క, ఇది మంచి మనసుతో చేసేవాళ్ళకే ఎక్కువ తగులుతుంది.

*

ప్రశ్న: మెట్రోలో, రోడ్ల మీద ఏం చూసుకోవాలి?
(పేరు, ఊరు రాయలేదు)

జవాబు: దుబాయ్ మెట్రోలో తినడం, నీళ్ళు తాగడం, చూయింగ్ గమ్ నమలడం అన్నీ నిషేధం, 100 దిర్హమ్స్ ఫైను, అంటే పులిహోర పొట్లం విప్పకండి. ఆడవాళ్ళు, పిల్లల కోసం వేరే భాగం ఉంటది, ప్లాట్‌ఫాం మీద గులాబీ గీతలు చూసి మగవాళ్ళు పక్కకి జరగండి, భార్య వెంట ఉన్నా సరే. రోడ్డు దాటడం జీబ్రా గీతల దగ్గరే. బందరు రోడ్డు మీద చెయ్యెత్తి బస్సుని ఆపి దాటినట్టు అక్కడ దాటితే 400 దిర్హమ్స్, పైగా ఆ స్పీడుకి కారు ఆగదు.